రడిక్కియోను లెట్యూస్ లెక్కన తూచొద్దు

రడిక్కియో గురించి రాసేవాళ్ళు చాలామంది క్షమాపణతో మొదలుపెడతారు. "కాస్త చేదే, అయినా రంగు బావుంటుంది." "చేదు పోవాలంటే అరగంట నీళ్ళలో నానబెట్టండి." "సలాడ్‌లో రెండు మూడు ఆకులకు మించి వేయకండి." విత్తనాల కేటలాగులు ఇంకో అడుగు ముందుకేసి, ఫలానా కొత్త రకంలో చేదు బాగా తక్కువని గొప్పగా ప్రకటిస్తాయి. మిరప విత్తనాలు అమ్మేవాడు మా మిరపలో కారమే ఉండదని చాటింపు వేసుకున్నట్టుంది వ్యవహారం.

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఇంటి వెనక కాస్త నేల ఉన్న మనవాళ్ళ అభిప్రాయమూ ఇంతే. సూపర్‌మార్కెట్ సలాడ్ సంచీలో ఊదారంగు పీలికగా మొదటిసారి నోటికి తగులుతుంది. "ఇదేం వేపాకు!" అని ఏరి పళ్ళెం అంచున పెడతారు. ఆ తర్వాత దాని జోలికి పోరు. పెరట్లో వేసి చూసినవాళ్ళ తీర్పు మరీ కఠినం: సగం మొక్కలు గడ్డ కట్టలేదు, కట్టినవాటిని నోట పెట్టలేకపోయాం, ఇంకోసారి వేయం.

ఇన్ని తీర్పులకూ మూలం ఒకటే. రడిక్కియో అంటే ఎర్ర లెట్యూస్ అనుకోవడం. లెట్యూస్ వేసే కాలంలో దాన్ని వేస్తారు, లెట్యూస్ కోసే కాలంలో కోస్తారు, లెట్యూస్‌లాగే పచ్చిగా తింటారు. మూడూ తప్పే. మూడు తప్పుల ఫలితాన్నీ మొక్క ఖాతాలో రాసి, చేదు దాని లోపమని తేల్చేస్తారు. నా వాదన ఇది: సరైన కాలంలో పండించి, సరిగా వండితే, ఆ చేదే ఆ కూరలోని అసలు సరుకు. దాన్ని తీసేశాక మిగిలేదాని కోసం పెరట్లో అంత చోటు కేటాయించడం దండగ.

ముందు చుట్టరికం సంగతి. లెట్యూస్, రడిక్కియో, బంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఒకే పెద్ద కుటుంబం. లెట్యూస్ కాడ తుంచినా రడిక్కియో కాడ తుంచినా పాలు కారతాయి. చేదంతా ఆ పాలలోనే ఉంది. దానికి కారణమైన పదార్థాల్లో ముఖ్యమైన దాని పేరు లాక్టూసిన్. ఆ పేరు వచ్చింది లెట్యూస్ శాస్త్రీయ నామం నుంచే. అంటే లెట్యూస్ కూడా పుట్టుకతో చేదు ఆకే. వందల ఏళ్ళుగా ఏరి ఏరి, చేదు తగ్గినవాటినే విత్తనానికి ఉంచి, మనుషులు దాన్ని నీళ్ళ రుచికి తెచ్చారు. తెస్తే తెచ్చారు, ఎండాకాలంలో అదీ ఒక సుఖమే. కానీ రడిక్కియోకూ అదే గతి పట్టించాలనుకునేవాళ్ళు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ పని పూర్తయ్యాక చేతికొచ్చేది మరో లెట్యూస్ కాక ఇంకేమిటి?

రడిక్కియో చికోరీ జాతి మొక్క. వేసవిలో అమెరికా రహదారుల పక్కన నీలిపూలతో నిలబడి ఉండే కలుపు మొక్కదీ ఇదే జాతి. యూరప్ దుకాణాల్లో తెల్లగా, మొగ్గలా అమ్మే బెల్జియన్ ఎండైవ్‌దీ ఇదే జాతి. మన ఇళ్ళలో పొద్దున్నే ఫిల్టర్‌లో పడే కాఫీ పొడిలోని చికోరీ కూడా ఇదే జాతిలోని ఇంకో రకం మొక్క వేరు, ఎండబెట్టి వేయించినది. నెపోలియన్ కాలంలో సముద్ర దిగ్బంధం వల్ల కాఫీ గింజలు దొరక్క ఫ్రాన్స్‌లో ఆ వేరు వాడకం బాగా పెరిగింది. ఇవాళ గుజరాత్‌లోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ పండుతోంది. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని మన దేశంలో నిబంధన ఉంది గనక సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో! చికోరీ పడకపోతే డికాషన్‌కి చిక్కదనం లేదని విసుక్కునే మనిషి, ఆ జాతి ఆకును చూసి మొహం చిట్లించడం నాకు వింతగానే ఉంటుంది.

ఇక పండించడం. రడిక్కియోను పాడుచేసే సలహాల్లో మొదటిది "వసంతంలో లెట్యూస్‌తో పాటే విత్తుకోండి" అనేది. విత్తితే ఏమవుతుందో చూద్దాం. లేత మొక్క ఏప్రిల్ చలి తింటుంది. చలికాలం గడిచిపోయిందని దానికి గుర్తు పడుతుంది. జూన్‌లో పగళ్ళు సాగేసరికి ఇక గింజ కట్టే పని చూసుకోవాలని తీర్మానించుకుని, గడ్డ కట్టడం మానేసి నిలువునా పూకాడ తీస్తుంది. ఎండ ముదిరేకొద్దీ, కాడ లేచేకొద్దీ ఆకు చేదు పెరుగుతుంది. ఆ దశలో కోసిన ఆకు నమిలి రడిక్కియో ఇంతేనని తీర్పు చెప్పడం, కాయ కట్టి ఎండిన ముల్లంగిని పీకి, ముల్లంగి దుంప బెండులా ఉంటుందని చెప్పడం లాంటి అన్యాయం.

దీని కాలం వేసవి మధ్య నుంచి చలికాలం దాకా. ఇటలీ ఈశాన్యంలోని వెనెతో ప్రాంతం దీని సొంత ఊరు. అక్కడి రైతులు జూన్, జూలై నెలల్లో విత్తుతారు. అమెరికా పశ్చిమ తీరంలోని పోర్ట్‌లండ్, వెనెతోలోని ట్రెవీజో ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 45 డిగ్రీలు దాటి ఉన్నాయి. పోర్ట్‌లండ్ పెరళ్ళకు వెనెతో లెక్కే సరిపోతుంది. న్యూజెర్సీ వైపు జూలై, కాలిఫోర్నియా బే ఏరియాలో ఆగస్టు, టెక్సస్‌లో వేసవి పూర్తిగా విరిగాక. జూలై ఎండలో మొలక రావడం కొంచెం కష్టమే. మడి మీద గోనెపట్టా కప్పి తడి ఆరకుండా చూడాలి, మొలక కనిపించిన రోజునే పట్టా తీసేయాలి. తర్వాత మొక్కకూ మొక్కకూ మధ్య జానెడు పైన ఎడం ఉండేలా పలచన చేయాలి. పీకడానికి మనసొప్పక ఒత్తుగా వదిలేసిన మడిలో ఒక్కటీ గడ్డ కట్టదు.

ఆగస్టంతా అది పచ్చగా, ఏ ప్రత్యేకతా లేకుండా కూర్చుంటుంది. చాలామంది నమ్మకం కోల్పోయేది ఇక్కడే. విత్తనాల పొట్లం మీద బొమ్మ ఎర్రగా ఉంది, మడిలో ఉన్నది పచ్చగా ఉంది, మోసపోయామనుకుంటారు. ఎరుపు చలితో వస్తుంది. రాత్రులు చల్లబడేకొద్దీ ఆకులకు రంగు పడుతుంది, లోపలి ఆకులు ముడుచుకుని గడ్డ కడతాయి. నేల మీద మంచు పేరుకునే రాత్రులు మొదలయ్యాక ఆకుల్లో చక్కెర పెరుగుతుంది. చేదు ఎక్కడికీ పోదు, దానికి జోడుగా తీపి వచ్చి చేరుతుంది. ఈ జోడీ కుదరకముందు, సెప్టెంబరులోనే కోసి తిన్నవాళ్ళకు ఆ కూర రుచి సగమే తెలుసు. మంచు దెబ్బకు పై ఆకులు నల్లబడి జిగటగా వేలాడుతుంటే మొక్క పోయిందని పీకి పారేసేవాళ్ళూ ఉన్నారు. ఆ జిగట ఆకులు ఒలిచి చూడాలి. లోపల గట్టిగా, నిగనిగలాడుతూ తినాల్సిన గడ్డ ఉంటుంది.

సగం మొక్కలు గడ్డ కట్టలేదన్న ఫిర్యాదు మాత్రం నిజమే. దానికి కారణం తోటమాలి చేతగానితనం కాదు, మొక్క స్వభావం. చికోరీ పువ్వు తన పుప్పొడితో తాను గింజ కట్టదు. వేరే మొక్క పుప్పొడిని తేనెటీగ తెచ్చి వేయాలి. అందుకే పాత రకాల విత్తనాల్లో ఏ రెండు గింజలూ అచ్చంగా ఒకేలా ఉండవు, రోడ్డు పక్క నీలిపూల చికోరీ దగ్గర్లో ఉంటే సొంతంగా దాచుకున్న విత్తనం మరీ దారి తప్పుతుంది. అన్నీ ఒక్కలా గడ్డ కట్టి తీరాలనే పట్టుదల ఉంటే ఇండిగో లాంటి హైబ్రిడ్ వేసుకోవచ్చు. నాకైతే ఆ పట్టుదల లేదు. గడ్డ కట్టని మొక్క ఆకులూ పొయ్యి మీదికి పనికొస్తాయి. వెనకటి పెరటి పద్ధతి ఇంకొకటి ఉంది. గడ్డ కట్టకుండా ఆకు విరివిగా వేసిన పాత రకాలను వేసవి చివర్లో నేలకు కాస్త పైగా కోసేస్తారు. చలికి వచ్చే రెండో చిగురు గడ్డ కడుతుంది.

చేదును తప్పుగా చూసేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన ఊరు ట్రెవీజో. అక్కడి ఆలస్యపు రకం, తార్దీవో అంటారు, పొలంలో పుట్టేది సగమే. నియమం ప్రకారం పంట మీద కనీసం రెండుసార్లు మంచు పడ్డాకే వేళ్ళతో సహా తవ్వి తీస్తారు. అప్పటికి చూస్తే అదొక వాడిన ఆకుల కట్ట, ఉచితంగా ఇచ్చినా మనం తీసుకోం. ఆ కట్టలను వెలుతురు తగలని షెడ్లలో, వేళ్ళు మునిగేలా నీటి తొట్లలో నిలబెడతారు. ఆ నీళ్ళు నేలలోంచి ఊరే ఊట నీళ్ళు, వేడి దాదాపు 11, 12 డిగ్రీలు. బయట గడ్డకట్టే చలి ఉన్నా ఆ నీళ్ళ వేడి మారదు. రెండు వారాలో ఇంకాస్త పైనో అలా ఉంచితే, వేరులో దాచుకున్న శక్తితో మొక్క చీకట్లో కొత్త గుండె పోస్తుంది: తెల్లటి లావు ఈనెలు, వాటి అంచున ముదురెరుపు ఆకు, కొసలు లోపలికి వంగి. పై ఆకులన్నీ ఒలిచేసి, వేరును చెక్కి, రెండంగుళాల మొదలు ఉంచి అమ్ముతారు. ఆ మొదలూ తింటారు. పొలం నుంచి తెచ్చిన బరువులో చాలా భాగం చెత్తకుప్పకే పోతుంది.

ఈ పద్ధతిని పందొమ్మిదో శతాబ్దంలో బెల్జియం నుంచి వచ్చిన ఫ్రాంచెస్కో వాన్ డెన్ బోరె అనే తోటల నిపుణుడు నేర్పాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అందులో ఎంత చరిత్రో, ఎంత కథో ఎవరిష్టం వాళ్ళది. కాగితం మీద ఉన్నది ఇది: 1900 డిసెంబరులో జుసెప్పె బెంజి అనే వ్యవసాయ నిపుణుడి చొరవతో ట్రెవీజోలో మొదటి రడిక్కియో ప్రదర్శన జరిగింది. 1996లో ట్రెవీజో ఎరుపు రకానికీ, క్రీము రంగు మీద ఎర్ర చుక్కలుండే కాస్టెల్‌ఫ్రాంకో రకానికీ యూరప్ భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుండ్రటి కియోజా రకానికి 2008లో, వెరోనా రకానికి 2009లో వచ్చాయి. ఇంత శ్రమ, ఇంత ఖర్చు, ఇన్ని నిబంధనలు పెట్టుకున్న ఊళ్ళవాళ్ళు చేదు పూర్తిగా పోగొట్టాలనుకుంటే నీళ్ళ తొట్ల దగ్గరే ఆగేవారా? చీకటి గదిలో చేదు కొంత మెత్తబడుతుంది. అంతవరకే వాళ్ళకు కావాలి.

దుకాణంలో దొరుకుతుంటే పెరట్లో ఎందుకన్నది ఇంకో వాదన. దుకాణంలో దొరికేది దాదాపు ఎప్పుడూ కియోజానే. గట్టి గడ్డ, లారీలో కుదుపులు తట్టుకుంటుంది, చల్లగదిలో వారాల తరబడి నిలవ ఉంటుంది. కాస్టెల్‌ఫ్రాంకో ఆకు మాత్రం గులాబీ రేకంత పలచన. అంత దూరపు ప్రయాణం దానికి కష్టం. అది తినాలనుకుంటే చాలాచోట్ల పెరట్లో వేసుకోవడమే సులువైన దారి. తార్దీవోను ఇంట్లో చేసుకోవడమూ బ్రహ్మవిద్య కాదు. మంచు పడ్డాక వేళ్ళతో తవ్వి, ఆకు మొదలుకు కాస్త పైగా కోసి, తడి ఇసుక నింపిన బకెట్టులో నిలబెట్టి, వెలుతురు రాని చల్లటి గరాజులో పెడితే చాలు. ట్రెవీజో నీళ్ళ తొట్లలో వచ్చినంత అందంగా రాకపోవచ్చు. దుకాణంలో దొరకనిదైతే వస్తుంది.

అసలు గొడవంతా పొయ్యి దగ్గరుంది. రడిక్కియో అంటే పచ్చిగా తినే ఆకనే నమ్మకం ఇటలీ బయట పుట్టింది. సలాడ్ సంచీల వ్యాపారం దాన్ని పెంచింది. వెనెతోలో దాన్ని నిప్పుల మీద కాలుస్తారు, వైన్ పోసి అన్నంలో ఉడికిస్తారు, లజానియాలో పొరలుగా వేస్తారు. పచ్చిగా తిన్నప్పుడు కూడా దానికి ఎదురుగా బరువైనదేదో పెడతారు. కాస్టెల్‌ఫ్రాంకో మీద వేడి కొవ్వు, వెనిగర్ పోస్తారు. ట్రెవీజో ఇళ్ళలో ఒక వంటకం ఉంది: పచ్చి రడిక్కియో ఆకుల మీద చిక్కటి వేడి చిక్కుడుగింజల పులుసు పోయడం. ఆ పులుసుకు దగ్గర్లోని లామోన్ ఊరి చిక్కుళ్ళంటే వాళ్ళకు మహా గురి. వేడికి ఆకు సగం మగ్గుతుంది, సగం కరకరలాడుతుంది. గింజల పిండితనానికి ఆకు చేదు పదును పెడుతుంది. ఈ వంటకంలో లెట్యూస్ వేసి చూడండి, ఏం మిగులుతుందో తెలుస్తుంది.

నీళ్ళలో నానబెట్టే సలహా పూర్తిగా అబద్ధమని అనను. తరిగిన ఆకును చల్లటి నీళ్ళలో వేస్తే కోసిన చోటు నుంచి చేదు కొంత దిగుతుంది. రోమ్‌లో పుంతరెల్లె అనే చికోరీ కాడలను సన్నగా చీల్చి అలాగే చల్లటి నీళ్ళలో వేస్తారు, చుట్టలు తిరుగుతాయి కూడా. అది పచ్చి సలాడ్‌కి. కాల్చబోయే గడ్డను నానబెడితే మాత్రం పెనం మీద అది వేగదు, తన నీళ్ళలో తాను ఉడుకుతుంది. రంగూ పోతుంది, చేదూ మిగులుతుంది.

చేదును నిజంగా అదుపులో పెట్టేవి ఉప్పు, నూనె, పులుపు, సెగ. ఉప్పు చేదును నేరుగా అణుస్తుంది. చక్కెర కంటే ముందు గుర్తు రావాల్సింది ఇదే. బెల్లం గడ్డ వేసి చేదు మీద ముసుగు కప్పే అలవాటున్న చేతికి ఇది చెప్పి తీరాలి. గడ్డను మొదలు ఊడిపోకుండా నిలువుగా నాలుగు చీలికలు చేసి, నూనె, ఉప్పు పట్టించి, బాగా కాలిన ఇనుప పెనం మీద కోసిన వైపు ఆనించి కదపకుండా వదిలేయాలి. అంచులు నల్లబడి, ఈనెలు మెత్తబడ్డాక తిప్పాలి. దించాక పైన పులుపు చిలకరించాలి.

పులుపుకి ఇంకో పని కూడా ఉంది. రడిక్కియో ఎరుపు, మన ఎర్ర క్యాబేజీ ఎరుపు ఒక తరగతి రంగులే. పులుపు తగిలితే ఎర్రగా నిలుస్తుంది, లేకపోతే ఉడికేకొద్దీ బురద రంగుకు తిరుగుతుంది. వెనెతోవాళ్ళు వైన్ పోసి ఉడికించే ఆ అన్నంలో, అదే రిజోతోలో, ఎర్ర వైన్ చేసే పనుల్లో ఇదొకటి. వైన్ పోయని వంటింట్లో చింతపండు రసం ఆ పని చేస్తుంది. ఉడికాక పోయకుండా మొదట్లోనే పోయాలి. పోపులో ఎండుమిర్చి, ఆవాలు, వెల్లుల్లి వేగాక తరిగిన ఆకు వేసి, వెంటనే కాస్త చింతపండు పులుసు పోసి, చివర్లో నువ్వుల పొడి చల్లిన కూర ఏ ఇటాలియన్ వంటకానికీ నకలు కాదు, దేనికీ తీసిపోదు. లామోన్ చిక్కుళ్ళకు బదులు ముద్దగా ఉడికిన పెసరపప్పును, ఇంగువ పోపుతో, పళ్ళెంలోని పచ్చి ఆకు మీద వేడివేడిగా పోసుకున్నా ట్రెవీజోవాళ్ళు కోపగించుకోరనే నా నమ్మకం. మెంతికూర పప్పు తిని పెరిగిన నాలుకకు ఇందులో తెలియని రుచి ఏముంది? చేదంటే పడదని మనం చెప్పుకునే మాటను మన వంటిల్లే ఒప్పుకోదు. కాకరకాయకు ఉప్పు పట్టించి పిండినా, ఎంత వేయించినా, చివరికి చేదు కొంత మిగలాలనే చూస్తాం.

ఇప్పుడు చేదును పొగిడేవాళ్ళ సంగతి. వీళ్ళు తిట్టేవాళ్ళకంటే ఎక్కువ చెరుపు చేస్తున్నారు. చేదుగా ఉంది కాబట్టి షుగరుకు మంచిది, రక్తశుద్ధి చేస్తుంది, కాలేయాన్ని కడుగుతుంది అంటూ ఆరోగ్య శీర్షికల్లో రడిక్కియోను మందు సీసాలో పోస్తున్నారు. నూరు గ్రాముల్లో 23 కేలరీలు, 255 మైక్రోగ్రాముల దాకా విటమిన్ కె ఉండే ఆకుకూర అది. మంచిదే, పాలకూర మంచిదైనట్టు. పైగా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు ఇలాంటి ఆకును ఉన్నట్టుండి ఎక్కువగా తినకూడదు, డాక్టరును అడగాలి. మందని చెప్పి తినిపించిన కూరను ఎవరూ రెండోసారి అడిగి వేయించుకోరు.

చేదంటే విషమని నాలుక భయపడటంలో అర్థం లేకపోలేదు. చేదుగా ఉన్న సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. సొరకాయ చేదైతే పారేయాల్సిందే, మరో మాట లేదు. చేదు ఉండకూడని చోట చేదు వస్తే అది ప్రమాద సూచన. రడిక్కియోలో చేదు ఉండాల్సిన చోటే ఉంది, దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టడం భయమే తప్ప జాగ్రత్త అనిపించుకోదు.

మరి విజయవాడ మేడ మీద కుండీల్లో వేసుకోవచ్చా అంటే, వద్దనే నా సలహా. విదేశీ కూరగాయల మోజులో అమ్మే విత్తనాల పొట్లాలు ఏం చెప్పినా సరే, రాత్రులు బాగా చల్లబడని చోట రంగు పలచగా, గడ్డ వదులుగా ఉంటుంది, చేదుకు తోడు రావాల్సిన తీపి రాదు. అక్కడ ఆ కుండీల్లో మెంతికూర చల్లుకోవడం మేలు. ఇది చలి ఉన్న చోటి పంట. చలి దేశాల్లో ఇల్లు కట్టుకుని, అక్టోబరు రాగానే పెరడు ముగిసిందని గొట్టాలు చుట్టి లోపల పెట్టేసేవాళ్ళ పంట. టమాటా తీగలు పీకేశాక కూడా డిసెంబరు దాకా పెరట్లో కోసుకోవడానికి ఇదొకటి మిగులుతుంది.

ఇంట్లో పిల్లలు తినరనేది చివరి అభ్యంతరం. తినరు, నిజమే. పెద్దవాళ్ళకంటే పిల్లల నాలుకకు చేదు గట్టిగా తగులుతుంది, బలవంతం చేస్తే ఆ కూర మీద జన్మలో ఇష్టం పుట్టదు. వాళ్ళ కోసం ఇంటిల్లిపాదీ చేదు మానేయాల్సిన పనీ లేదు. కాస్టెల్‌ఫ్రాంకో ఆకులు అన్నిట్లోకీ మెత్తన, చేదు తక్కువ. నిమ్మరసం, నెయ్యి, వేడి పప్పు కలిపి వాటితో మొదలుపెట్టండి. నల్లగా కాల్చిన ట్రెవీజో ముక్కలు మాత్రం పెద్దవాళ్ళ పళ్ళేల్లోనే ఉండనివ్వండి. అడిగితే ఒక ముక్క పెట్టండి, అడక్కపోతే మీకు ఇంకో ముక్క మిగిలినట్టే.